తిప్పని పేజీ

"లైటు తీసేస్తే అదే బయటికొస్తుంది," అన్నారు మాస్టారు.

బాత్రూం తలుపు పక్కన, గోడకున్న స్విచ్ మీద ఆయన చెయ్యి ఉంది. లోపల గడియ పెట్టుకుని కూర్చున్నది ఆయన మనవరాలు. స్కూలు నుంచి వచ్చిన పిల్ల సంచీ అయినా దించకుండా నేరుగా అందులో దూరింది. అమ్మ బతిమాలింది. తాతయ్య బెదిరించారు. పక్కింటావిడ కూడా వచ్చి, తలుపు తట్టి, పిల్లల్ని ఎలా పెంచాలో కోడలికి నాలుగు ముక్కలు చెప్పి వెళ్లింది. గడియ మాత్రం కదల్లేదు.

"వద్దు మామయ్యగారూ. చీకటంటే దానికి హడల్."

"ఉండాలమ్మాయ్, భయం ఉండాలి. లేకే ఇంతదాకా వచ్చింది."

టక్కుమని లైటు ఆరింది. లోపలినుంచి చిన్న కేక వినిపించింది. కోడలు ఆయన చేతి పక్కనుంచి వేలు పోనిచ్చి మళ్లీ స్విచ్ వేసింది. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక మామగారికి ఎదురు తిరిగి ఆమె చేసిన మొదటి పని అదే. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సరిగ్గా అప్పుడు వీధి తలుపు తోసుకుని మెకానిక్ వచ్చాడు. మాస్టారికి ఒక్కగానొక్క కొడుకు, లోపలున్న పిల్లకి తండ్రి. పొద్దున్నుంచీ ఏదో ఆఫీసు భవనంలో లిఫ్టు బాగుచేస్తూ ఉన్నాడు. మోచేతుల దాకా గ్రీజు. గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇంట్లో ఏదో జరిగిందని ఎవరూ చెప్పక్కర్లేదు, భార్యా తండ్రీ ఒకే స్విచ్ దగ్గర కాపలా కాస్తూ నిలబడటం చూస్తే చాలు.

"ఏమైంది?"

"నీ కూతుర్నే అడుగు," అన్నారు మాస్టారు. "ఊళ్లో వాళ్లందరి ముందూ నా తల తీసి కింద పెట్టింది."

"పిచ్చుక తల తీసేంత పని ఏం చేసింది నాన్నగారూ?"

పిచ్చుక అతను పెట్టిన ముద్దుపేరు. ఎప్పుడూ ఏదో ఒకటి కిచకిచలాడుతూనే ఉంటుందని. ఇప్పుడు మాత్రం లోపలినుంచి కిక్కురుమనడం లేదు.

భార్య చెప్పింది. మధ్యాహ్నం స్కూల్లో తల్లిదండ్రుల ముందు పిల్లల చేత చదివించారు. ఒక్కొక్కరూ తడుముకుంటూ, కూడబలుక్కుంటూ చదివారు. పిచ్చుక వంతు వచ్చేసరికి హాలంతా నిశ్శబ్దమైపోయింది. గొంతు పెంచాల్సిన చోట పెంచుతూ, ఆగాల్సిన చోట ఆగుతూ గడగడా చదివేస్తోంది. మాస్టారు ముందు వరసలో కూర్చుని, చదువుతున్నది తనే అన్నట్టు తల ఊపుతున్నారు. అంతలో రెండు కాగితాలు అంటుకుపోయి ఒకేసారి తిరిగాయి. తెరిచిన పేజీ నిండా ఏనుగు బొమ్మ. పిల్ల నోట్లో మాత్రం ఇంకా తాబేలే నడుస్తోంది. తిప్పని పేజీని పొల్లు పోకుండా చదువుకుంటూ వెళ్లిపోయింది.

"ముందు ఎవరికీ అర్థం కాలేదు. పక్కనున్న పిల్లాడు 'టీచర్, ఏనుగుని తాబేలంటోంది' అన్నాడు. ఇంక నవ్వులే నవ్వులు." ఆమె బాత్రూం తలుపు వైపు చూసింది. "టీచరమ్మ పాపం నెమ్మదిగా వచ్చి, పుస్తకంలో ఒక చిన్న మాట మీద వేలు పెట్టి, ఇదేంటమ్మా అని అడిగింది. పిల్ల చెప్పలేకపోయింది. దాని పక్క మాట అడిగింది. అదీ అంతే."

"చెప్పలేకపోవడం కాదు, చెప్పలేదు!" అన్నారు మాస్టారు. "మొండితనం. రోజూ సాయంత్రం దాన్ని నా పక్కన కూర్చోబెట్టుకుని, నేనొక వాక్యం చదివి, దాని చేత చదివించి, అలా పుస్తకం పూర్తి చేయించాను. నా చేతికింద చదువు రాని పిల్లంటూ లేదు. అలాంటిది సొంత మనవరాలు పుస్తకం వైపు చూడకుండా అప్పజెప్పి నన్ను మోసం చేసింది."

మెకానిక్ చేతుల గ్రీజు వైపు చూసుకున్నాడు.

"చేతులు కడుక్కుని వస్తాను," అన్నాడు.

"ఎక్కడ కడుక్కుంటావ్? బాత్రూంలో నీ కూతురుంది," అన్నారు మాస్టారు.

వంటింటి సింకు దగ్గర అతను సబ్బు రుద్దుకుంటుంటే భార్య వెనకే వచ్చింది. కుళాయి కొంచెం పెద్దదిగా తిప్పింది. ఈ ఇంట్లో మొగుడూ పెళ్లాల మాటలన్నీ కుళాయి చప్పుడు చాటునే జరుగుతాయి.

"మీకు అర్థమైంది కదా?"

అతను సబ్బు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"నాకు మాత్రం ఆ ఏనుగు బొమ్మ చూడగానే అర్థమైపోయింది. నెమ్మది నెమ్మదిగా చదివే పిల్ల అయితే ఎక్కడో తడబడుతుంది, ఆగుతుంది. అసలు తడుముకోకుండా చదివిందంటేనే చదవడం లేదని. మిమ్మల్ని ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఆ మాత్రం తెలీదా?"

"నెమ్మదిగా."

"నెమ్మదిగానే అంటున్నాను."

ఆమె పనిచేసేది కళ్లజోళ్ల షాపులో. అతను ఆమెకి పరిచయమైందీ అక్కడే. అక్షరాలు సరిగ్గా కనబడటం లేదని వచ్చి పరీక్ష చేయించుకున్నాడు. కళ్లు గద్ద కళ్లంత బాగున్నాయి. అయినా జోడు కావాలని పట్టుబట్టి, మామూలు అద్దాలు పెట్టించుకుని పోయాడు. ఆ కళ్లజోడు ఎందుకో పెళ్లయిన కొత్తలో ఆమెకు తెలిసింది. దానికున్న పనల్లా ఇంట్లో మరిచిపోవడమే. ఎవరైనా కాగితం చేతిలో పెడితే, "అరెరే, జోడు ఇంట్లో వదిలేసొచ్చాను, కాస్త మీరే చదవండి," అంటాడు. తెలిసిన రోజు ఆమె నవ్వింది. అతను ఏడ్చాడు. ఎవరికీ చెప్పనని ఆ రోజే మాటిచ్చింది.

"టీచరమ్మ నన్ను పక్కకి పిలిచి మాట్లాడింది," అంది ఆమె. "మాట్లాడటం పిల్లలకి దానంతటదే వస్తుందట. చదవడం అలా రాదట. మాటని ముక్కలుగా విడదీసి, ఏ శబ్దానికి ఏ అక్షరమో ముడివెయ్యాలట. ఆ ముడి పడ్డాక అదే మాట మళ్లీ మళ్లీ కంటబడుతుంటే, తెలిసిన మనిషి మొహంలా చూడగానే గుర్తుపడతామట. అప్పుడుగానీ గడగడా రాదు. అందాకా బుర్రంతా అక్షరాలు లాగడానికే సరిపోతుంది, అర్థానికి మిగలదు."

"మరి అందరికీ పడే ముడి దీనికెందుకు పడలేదు?"

"కొంతమందికి అంత తేలిగ్గా పడదట. తెలివి లేక కాదు, బద్ధకమూ కాదు. పుట్టుకతో అంతే. మన పిల్లకి చెవి చురుకు. మామయ్యగారు ముందు చదివి వినిపిస్తారు కదా, విన్నది విన్నట్టు పట్టేసింది. అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు. అలాంటి పిల్లలకి విడిగా నేర్పే ఆవిడ స్కూలుకి వస్తుందట. మొదటినుంచీ, నెమ్మదిగా, వేసిన ముడే మళ్లీ మళ్లీ వేస్తూ. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మంచిదట. పెద్దవాళ్లు కూడా నేర్చుకోవచ్చట." ఆఖరి మాట అతని వైపు చూడకుండా అంది.

"ఇంకేం, పంపిద్దాం."

"మామయ్యగారు పంపనిస్తారా? ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని టీచరమ్మ అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన వచ్చేసి, మా వంశంలో అలాంటివాళ్లు లేరు అన్నారు. నా మనవరాల్ని మందబుద్ధి పిల్లల్లో కూర్చోబెడతారా అన్నారు. రేపటినుంచి పుస్తకాల గదిలో పెడతారట. బయట గడియ. పేజీ చదివితేనే తలుపు తీస్తారట."

అతని చేతుల మీద నీళ్లు పడుతూనే ఉన్నాయి. సబ్బు ఎప్పుడో పోయింది.

పుస్తకాల గది గురించి అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. వీధి వైపు ఒక చిన్న కిటికీ, గోడల నిండా పుస్తకాలు, బయటినుంచి గడియ. పిచ్చుక వయసులో తనని అందులో పెట్టారు. ఆ కథ మాస్టారు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతారు. పొద్దున లోపలికి వెళ్లేటప్పుడు అక్షరమ్ముక్క రానివాడు, సాయంత్రం తలుపు తీసేసరికి పేజీ మొత్తం గడగడా చదివాడని. కాస్త కఠినంగా ఉండాలి గానీ చదువు రానిదెవరికని.

నిజం ఇంకోలా ఉంది. ఆ మధ్యాహ్నం అతని అమ్మ వీధిలోంచి చుట్టూ తిరిగి కిటికీ దగ్గరికొచ్చింది. పుస్తకం ఇటివ్వు నాన్నా అంది. చువ్వల మధ్యనుంచి తీసుకుని, గుసగుసగా ఒక్కొక్క వాక్యమే చెప్పి, అతని నోటికి వచ్చేదాకా చెప్పించింది. ఆ రాత్రి మాస్టారు కొడుకుని భుజాల మీద ఎక్కించుకుని ఇల్లంతా తిరిగారు. అంతకుముందూ ఆ తర్వాతా ఆయన అలా ఎత్తుకున్నది లేదు. ఆ నిజం తెలిసినది ఇద్దరికే. అమ్మ తన వాటా తనతోనే తీసుకుపోయింది.

"మీరు చెప్పాలి," అంది భార్య. "ఆ గది మిమ్మల్ని బాగుచేసిందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఉన్నంతకాలం నేనేం చెప్పినా, టీచరమ్మ ఏం చెప్పినా ఆయన చెవికెక్కదు. మీరొక్కరు చెబితేనే ఆగుతుంది."

"చెబితే ఏమవుతుందో తెలుసా? కంపెనీలో మేనేజరు ఎవరనుకున్నావ్? నాన్నగారి శిష్యుడు. ఆయన మొహం చూసే నాకు ఉద్యోగమిచ్చాడు, ఆయన మొహం చూసే మొన్న సూపర్‌వైజర్‌ని చేశాడు. ఈ లిఫ్టులో మనుషులెక్కొచ్చు అని ఇప్పుడు నేను సంతకం పెట్టాలి. కొత్తవాళ్ల చేత కాగితం చదివించుకుంటున్నాను. వాళ్లకి నేర్పుతున్నాననుకుంటున్నారు. నాన్నగారికి తెలిసిన మర్నాడే మేనేజరుకి తెలుస్తుంది. ఆయనే వెళ్లి చెబుతారు. దాచడం ఆయనకి చేతకాదు."

"ఆయనకి చేతకాదు. మీకు చేతనవును. దానికీ ఇప్పుడు అదే నేర్పుదామా? దానిక్కూడా ఒక కళ్లజోడు చేయించమంటారా? మా షాపులో చిన్న సైజులు కూడా ఉన్నాయి."

అతనికి చెంప మీద కొట్టినట్టయింది. ఆమెకీ ఆ మాట అన్నాక బాధేసింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

"రేపు పొద్దున మీరు పనికి వెళ్లేలోపు ఆయనకి చెప్పండి. లేకపోతే నేను చెబుతాను. మాటిచ్చాను, నిజమే. అప్పటికి దీన్ని కనలేదు."

ఆమె కుళాయి కట్టేసింది. హాల్లో మాస్టారు కుర్చీ జరుపుకున్న చప్పుడు వినిపించింది. బాత్రూం తలుపుకి ఎదురుగా కూర్చుని పేపరు తెరిచారు.

మెకానిక్ వెళ్లి ఆ తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు.

లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లతో మాట్లాడటం అతని ఉద్యోగంలో సగం. దానికి అతనికో పద్ధతుంది. రెండు నిమిషాల్లో బయటికొస్తారని ఎప్పుడూ అనడు. అన్నాక మూడో నిమిషం నుంచి లోపలివాళ్లు ఇంకేం చెప్పినా నమ్మరు. తను ఏం చేస్తున్నాడో అదే చెబుతాడు. ఇప్పుడు పైకెక్కుతున్నాను, ఇప్పుడు బ్రేకు వదులుతున్నాను, చిన్న కుదుపొస్తుంది. మధ్యమధ్యలో వాళ్ల చేత మాట్లాడిస్తాడు.

"పిచ్చుకా, నేను. తలుపుకి ఆనుకుని కూర్చున్నాను. ఇప్పుడు బూట్లు విప్పుతున్నాను."

అతను ఒక బూటు లాగి పక్కన పెట్టాడు.

"ఒకటి విప్పాను. సాక్సుకి చిల్లు. బొటనవేలు బయటికి తొంగిచూస్తోంది."

కాసేపటికి లోపల చిన్నగా ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. "ఏ కాలు?"

"ఎడమ."

"నిన్న కూడా ఎడమే."

"నిన్నటి సాక్సే మరి."

"ఛీ."

మాస్టారు పేపరు వెనకనుంచి గొంతు సవరించుకున్నారు. అతను ఆ వైపు చూడలేదు.

"నువ్వెక్కడ కూర్చున్నావమ్మా?"

"బకెట్ బోర్లించి దాని మీద."

"అది పాతది, జాగ్రత్త. నువ్వు కూర్చున్నావంటే పర్లేదు గానీ మీ అమ్మ కూర్చుంటే పనైపోతుంది."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య మామూలుగా అయితే ఏదో ఒకటి అనేది. ఈసారి తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది. తలుపు అవతల పిల్ల కిసుక్కున నవ్వబోయి మళ్లీ ఏడుపులోకి జారింది.

"నాన్నా, నేను మోసం చెయ్యలేదు. తాతయ్య చదువుతుంటే నాకు కథంతా కనిపిస్తుంది. తాబేలు కనిపిస్తుంది, చెరువు కనిపిస్తుంది. నేను చూస్తే అక్షరాలే కనిపిస్తాయి. ఒక్కొక్కటీ నాకు తెలుసు నాన్నా, ఒట్టు. అన్నీ పక్కపక్కన ఉంటే, చివరిదానికి వెళ్లేసరికి మొదటిది ఏంటో మర్చిపోతాను. మళ్లీ మొదటికొస్తే చివరిది పోతుంది. అందరూ ఎలా పట్టుకుంటున్నారు?"

అతను కళ్లు మూసుకున్నాడు. ఇన్నేళ్లుగా తనకి ఏమవుతుందో ఎవరికీ, ఆఖరికి భార్యకి కూడా, సరిగ్గా చెప్పలేకపోయాడు. బకెట్ మీద కూర్చున్న పిల్ల చెప్పేసింది. ఆ పిల్లని ఎత్తుకుని ఎటైనా పారిపోవాలనిపించింది. మధ్యలో తలుపుంది.

"తెలుసమ్మా," అన్నాడు. "మోసం కాదు. నాకు తెలుసు."

"మరి తాతయ్య?"

"తాతయ్య సంగతి నేను చూసుకుంటాను. ఇప్పుడు లేచి నిలబడ్డాను. తలుపు ముందే ఉన్నాను. నువ్వు గడియ తీస్తే నేనే కనిపిస్తాను, ఇంకెవరూ కాదు."

బకెట్ కదిలింది. చిన్న అడుగులు తలుపు దాకా వచ్చాయి. పాత ఇనప గడియ, కొంచెం బిగుతు. అది జరుగుతోంటే అతనికి వినిపిస్తోంది. సగం దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

"నాన్నా."

"ఊఁ."

"పుస్తకాల గదిలో నువ్వు ఒక్కరోజులో చదివేశావని తాతయ్య చెప్పారు. నిజం చెప్పు. ఒక్కరోజులోనే వచ్చేసిందా నీకు?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మంలో భార్య నిలబడి ఉంది. చెప్పండి అన్నట్టు తల కొంచెం ముందుకు వంచింది.

మాస్టారు పేపరు ఒళ్లోకి దించారు. ఆయన మొహంలో కోపం లేదు. కోపంగా ఉంటే అతను చెప్పేసేవాడేమో. కొడుకు బూట్లు విప్పుకుని నేల మీద కూర్చుని కూతుర్ని బుజ్జగించడం చూస్తూ చూస్తూ ఆయన మెత్తబడ్డారు. కళ్లు తడిగా ఉన్నాయి. ఆ ఒక్కరోజుని ఆయన ఇన్నేళ్లుగా గుండెల్లో పెట్టుకుని బతుకుతున్నారని అతనికి ఇప్పుడు తెలిసింది.

"చెప్పరా," అన్నారు నెమ్మదిగా. "దానికి ధైర్యమొస్తుంది. చెప్పు."

నాకూ రాలేదమ్మా. ఇప్పటికీ రాదు. రెండే మాటలు. నాలుక మీదే ఉన్నాయి. మేనేజరు గుర్తొచ్చాడు. సంతకాలు గుర్తొచ్చాయి. అవన్నీ పక్కకి నెట్టగలిగాడు. ఎదురుగా తడిసిన ఆ కళ్లని నెట్టలేకపోయాడు.

"అవునమ్మా," అన్నాడు. "ఒక్కరోజులోనే."

మాస్టారు సంతృప్తిగా తల ఊపి కళ్లు తుడుచుకున్నారు. "విన్నావుగా తల్లీ. మీ నాన్నకొచ్చింది, నీకెందుకు రాదు? రేపు పొద్దున్నే మొదలుపెడదాం."

సగం దాకా వచ్చిన గడియ మళ్లీ వెనక్కి జరిగింది. చివరంటా జరిగింది.

తర్వాత తలుపుకి మొహం ఆనించి అడిగినట్టు పిల్ల గొంతు దగ్గరగా వినిపించింది.

"అయితే మనింట్లో నాకొక్కదానికేనా నాన్నా ఇలా?"

అతను తలుపు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. భార్య వంటింటి గుమ్మం దాటి మామగారి కుర్చీ వైపు నడవడం మొదలుపెట్టింది.